ఏ జాతి అని అడిగితే ఏం రాయాలి?



మొన్న ఆగస్టు 9న మనం ప్రపంచ ఆదివాసీ దినోత్సవం చేసుకున్నాం. ఈ రోజుని ఐక్యరాజ్యసమితి 1994లో నిర్ణయించిందని సోషల్ సార్ చెప్పేరు. కొమ్ముల డాన్సు చేసాం, ఉపన్యాసాలు విన్నాం. ఆ మర్నాడు స్టడీ అవర్లో జరిగిన సంగతి మీద నా అభిప్రాయం రాస్తున్నాను. తప్పులుంటే క్షమించండి.

ఆ రోజు ఫారాలు నింపుతున్నాం. జాతీయత, కులం, మాతృభాష, జిల్లా అని గళ్ళు ఉన్నాయి. నా పక్కన కూర్చునే అమ్మాయి కులం గడి దగ్గర పెన్ను ఆపేసింది. వెనకనించి ఒకరు "గొత్తికోయ అని రాయవే, ఛత్తీస్‌గఢ్ అని రాయవే" అన్నారు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆ అమ్మాయి ఫారం మడిచి పుస్తకంలో పెట్టేసుకుంది. రాత్రి అన్నానికి రాలేదు. అప్పట్నించి నాకు ఈ గళ్ళ గురించే ఆలోచన.

ముందు జాతి అనే మాట చూడండి. జాతీయ జెండా అంటే దేశమంతటిది. జాతీయత గడిలో మనమందరం భారతీయులం, అక్కడ ఎవరికీ పెన్ను ఆగదు. గిరిజన జాతి అంటే మనం. సంతలో ఎద్దుని చూసి కూడా ఏ జాతి అంటారు. బస్సులో మనల్ని చూసీ ఏ జాతి అనే అడుగుతారు. ఒకే మాట, కానీ అడిగే తీరుని బట్టి ఒకసారి గర్వంగా ఉంటుంది, ఒకసారి తల దించుకోవాలనిపిస్తుంది.

ఇప్పుడు మాతృభాష. నేను ఒకటో తరగతిలో చేరినప్పుడు నాకు తెలుగు రాదు. దాహమేసి "ఏర్" అన్నాను. మా కోయ భాషలో ఆ మాటకి నీళ్ళని అర్థం. పిల్లలు "ఏరంతా తాగేస్తావా" అని నవ్వేరు. ఆ రిజిస్టర్లో నా మాతృభాష తెలుగు అని రాసేసి ఉంది. మా నాన్నకి చదువు రాదు, చూపించిన చోట వేలిముద్ర వేసేసేడు. ఇప్పటికీ నా కాయితాల్లో తెలుగే.

పోనీ భాషని బట్టే తెగ తెలుస్తుందా అంటే అదీ లేదు. మన హాస్టల్లో కొండరెడ్డి అక్కలు ఉన్నారు. వాళ్ళ ఇంట్లో మాట్లాడేది తెలుగే. అయినా వాళ్ళు ఆదివాసులే. ప్రభుత్వం వాళ్ళని ముందు "ఆదిమ తెగ" అనేది, 2006లో ఆ పేరు తీసేసి "ప్రత్యేకంగా ఇబ్బందుల్లో ఉన్న తెగ" అని అర్థం వచ్చే పేరు పెట్టింది. మారేడుమిల్లి వైపు అక్క ఒకామె రాజమండ్రి బస్సులో వెళ్తుంటే ఒకావిడ పేరు, కులం అడిగి "రెడ్లంటే మోతుబర్లు కదా, మీకు ఎస్టీ ఏటి?" అందిట. పేరులో రెడ్డి ఉంటే మైదానం రెడ్లు అయిపోతారా? కొండ మీద పోడు చేసుకునేవాళ్ళు వేరు, వాళ్ళు వేరు.

జిల్లా గడి ఇంకా చిత్రం. మాది చింతూరు వైపు ఊరు. మా నానమ్మ పుట్టినప్పుడు అది మద్రాసు రాష్ట్రంలో తూర్పు గోదావరి జిల్లా. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ అయ్యింది. 1959లో భద్రాచలం ప్రాంతంతోపాటు మమ్మల్ని ఖమ్మం జిల్లాలో కలిపేరు. 2014లో తెలంగాణ వచ్చినప్పుడు మళ్ళీ తూర్పు గోదావరిలోకి తెచ్చేరు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో పెట్టేరు. ఇన్ని మారినా మా నానమ్మ ఊరు దాటి కాపురం మార్చలేదు. అదే ఇల్లు, అదే ఇప్పచెట్టు. "నేను కదల్లేదు, జిల్లాలే మా ఊరిమీంచి నడిచి పోయినాయి" అంటుంది.

చింతూరు దాటితే కోంటా ఉంది, అది ఛత్తీస్‌గఢ్. శబరి, సీలేరు కలిసేచోట మోటు ఉంది, అది ఒడిశా. అక్కడా మా మాట మాట్లాడే వాళ్ళు ఉన్నారు. కోంటా వైపు వాళ్ళని దోర్లా అంటారు. ఇక్కడ మమ్మల్ని కోయ అంటారు. మమ్మల్ని మేము కోయతూర్ అనుకుంటాం. గీత గీసినవాళ్ళకి మూడు రాష్ట్రాలు, మా పెళ్ళిళ్ళకి మాత్రం ఒకటే చుట్టరికం.

అయితే కులం సర్టిఫికెట్ అక్కర్లేదా అంటే నేను అలా అనను. ఎస్టీ జాబితా రాజ్యాంగం 342వ అధికరణం ప్రకారం వస్తుంది. ఆ కాయితం ఉంటేనే సీటు, స్కాలర్‌షిప్పు. 1970 నాటి 1/70 చట్టం వల్ల ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి పోకూడదు. "నేను గిరిజనుణ్ణి" అని నోటితో చెబితే చాలు అంటే, రేపు మన భూములు, మన సీట్లు ఎవరెవరో పట్టుకుపోతారు. కాబట్టి రుజువు అడగాల్సిందే.

కానీ ఆ జాబితాకి రాష్ట్రం గీతే గోడ. లంబాడీలు మన దగ్గర ఎస్టీలు, మహారాష్ట్రలో కాదు. తెలంగాణ ప్రాంతంలో కూడా వాళ్ళు ఎస్టీ అయ్యింది 1976 చట్టం తర్వాతే. ఒక రాష్ట్రంలో ఎస్టీ అయినవాళ్ళు ఇంకో రాష్ట్రానికి వలసపోతే అక్కడ ఆ హక్కులు రావని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. నా పక్కనున్న అమ్మాయికి పెన్ను ఆగింది ఇక్కడే. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక ఊళ్ళు కాలిపోయి, ప్రాణభయంతో అడవి దాటి వచ్చిన వాళ్ళలో వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారు. ఆ పిల్ల పుట్టింది ఇక్కడే. తనకి తెలిసిన అడవి ఇదే. సరదాగా ఎవరూ ఇల్లొదిలి రారు కదా!

ఆ రాత్రి నేను తన పళ్ళెంలో అన్నం పెట్టుకుని డార్మెటరీకి వెళ్ళేను. తినగా తినగా పొలమారింది. "ఏర్" అంది. నేను గ్లాసు తెచ్చిచ్చేను. తర్వాత నాకు ఏడుపొచ్చింది. నన్ను ఒకటో తరగతిలో ఏ మాటకి నవ్వేరో అదే మాట. ఏమని పిలవమంటావని అడిగేను. "మేము మురియా, మేమూ కోయతూర్‌మే. గొత్తికోయ అని మీరు పెట్టిన పేరు" అంది. మూడేళ్ళు పక్కపక్కన కూర్చున్నాం, ఆ ప్రశ్న నేను ఎప్పుడూ అడగలేదు.

నా అభిప్రాయం ఇది. సర్టిఫికెట్ ఇచ్చేది ఆఫీసువాళ్ళు, దానికి వాళ్ళ రూల్సు ఉంటాయి. కానీ ఒక మనిషి ఎవరో చెప్పాల్సింది ముందు ఆ మనిషే. మైదానం వాళ్ళు మనల్ని అడక్కుండా పేర్లు పెడితే మనకి కోపం వస్తుంది కదా, మనం మాత్రం ఇంకొకళ్ళకి పెట్టొచ్చా?

వార్డెన్ మేడంగార్లకి ఒక మనవి. హాస్టల్ రిజిస్టర్లో మాతృభాష గడి నింపేటప్పుడు ఆ పిల్లనే అడిగి రాయండి. కాయితం లేని పిల్లల తల్లిదండ్రులకి ఏ ఆఫీసుకి వెళ్ళాలో, ఏం పట్టుకెళ్ళాలో చెప్పండి, వాళ్ళకి చదువు రాదు. నా స్నేహితురాలి ఫారం ఇంకా పుస్తకంలోనే ఉంది.

అక్కలూ, చెల్లెళ్ళూ, ఆ రోజు నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నాను. నేను క్షమాపణ చెప్పేను. మీరూ చెప్పండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని