రక్తం ఇచ్చాం, రిపోర్టు ఏదీ?

మండల ప్రజలకు, సర్పంచులకు, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ సభ్యులకు ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్ విన్నపం



2020 జనవరిలో ఈ దేశం మొత్తానికి కరోనా పరీక్ష చేయగల ల్యాబ్ ఒక్కటే, పుణెలో ఉండేది. మార్చి మొదట్లో హైదరాబాద్‌లో తొలి కేసు బయటపడినప్పుడు ఖాయం చేసుకోవడానికి నమూనా అక్కడికే వెళ్ళింది. అదే ఏడాది జూన్ ఆఖరుకి దేశంలో ల్యాబులు వెయ్యి దాటాయి. ఆర్నెల్ల పని అది. రాత్రనక పగలనక స్వాబులు తీసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

జబ్బు తగ్గింది. దానితోపాటే ల్యాబుల మీద శ్రద్ధా తగ్గింది. అందుకే ఈ కరపత్రం. నేను కోరేది ఒక్కటే. మన ఆసుపత్రిలో రక్తం ఇచ్చిన మనిషికి, జ్వరం ఇంకా ఒంట్లో ఉండగానే రిపోర్టు చేతికందాలి. ఎన్ని యంత్రాలు కొన్నారో నాకు చెప్పొద్దు. రక్తం తీసిన వేళకూ రిపోర్టు అందిన వేళకూ మధ్య ఎంత ఎడం ఉందో చెప్పండి.

నా సర్వీసు చివరి ఏళ్ళలో ఒక వానాకాలం, కౌలురైతు ఒకాయన అయిదు రోజుల జ్వరంతో వచ్చాడు. మలేరియా కిట్‌లో ఏమీ లేదు. డెంగీ ఎలీసా పరీక్ష కోసం రక్తం తీసి జిల్లాకు పంపాను. ఎలీసా ప్లేటులో 96 గుంటలుంటాయి. నాలుగు నమూనాల కోసం కిట్ తెరిస్తే మిగతాది వృథా అవుతుందని, తగినన్ని కూడేదాకా ఆగుతారు. అక్కడి ల్యాబు పిల్లల తప్పు కాదది, కిట్లు లెక్కపెట్టి ఇస్తారు. ఈయన మూడు రోజులు చూసి, ఊళ్ళో ఆరెంపీ దగ్గర సెలైన్లు ఎక్కించుకుని, చివరికి టౌనులో ప్రైవేటు ఆసుపత్రిలో చేరాడు. తీరా చూస్తే స్క్రబ్ టైఫస్. చంకలో పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు ఉందట, నేనూ చూడలేదు. డాక్సీసైక్లిన్ మాత్రలతో లొంగే జబ్బు. ప్రాణం దక్కింది గానీ ఇంటావిడ మెళ్ళో గొలుసు తాకట్టుకు పోయింది. నేను పంపిన నమూనాకు ‘డెంగీ నెగెటివ్’ అన్న కాగితం తొమ్మిదో రోజున వచ్చింది. ఎవరికివ్వాలో తెలియక రిజిస్టర్‌లో పెట్టి మూశాను. ఆ కాగితం ఇప్పటికీ నా కళ్ళ ముందు మెదులుతూనే ఉంది.

ఆలస్యమంటే కాగితం ఆలస్యమని మాత్రమే అనుకోకండి. రక్తం ట్యూబులోకి వచ్చాక కూడా ఊరుకోదు. అందులోని కణాలు చక్కెరను తింటూనే ఉంటాయి. సీరం వేరు చేయకుండా మామూలు ట్యూబులో ఉంచేస్తే గ్లూకోజు గంటకు 5 నుంచి 7 శాతం దాకా పడిపోతుంది. ఎర్రకణాలు చితికితే పొటాషియం లేనిపోని ఎత్తున కనిపిస్తుంది. పొద్దున తొమ్మిదింటికి తీసిన ట్యూబులు బైకు పెట్టెలో ఎండకు కాగి సాయంత్రానికి జిల్లా చేరితే, అక్కడి లక్షల రూపాయల యంత్రం కొలిచేది చెడిన రక్తాన్నే. అలా షుగరున్న మనిషికి ‘నార్మల్’ అని రాసిచ్చే ప్రమాదం ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ)లో రక్తాన్ని తిప్పి సీరం తీసే సెంట్రిఫ్యూజ్, కరెంటు పోయినా చల్లగా ఉండే ఫ్రిజ్, షుగరు పరీక్షకు వాడే బూడిదరంగు మూత ట్యూబులు ఎప్పుడూ ఉంటే ఈ తప్పులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు.

‘కిట్లున్నాయిగా, ఇంకా మైక్రోస్కోపు ఎందుకు?’ అని అడిగేవాళ్ళున్నారు. మలేరియా కిట్ పావుగంటలో జవాబు చెబుతుంది. మన్యంలో వాగు దాటి వెళ్ళే ఆశా కార్యకర్త సంచిలో అది ఉండి తీరాలి. కానీ ఫాల్సిపారం మలేరియా తగ్గిన తర్వాత కూడా ఆ కిట్ కొన్ని వారాల పాటు ‘ఉంది’ అనే చూపగలదు. మందు పనిచేసిందో లేదో తేలాలంటే స్లైడు మీద కళ్ళతో చూడాల్సిందే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని కనిపెట్టింది మైక్రోస్కోపు ముందు కూచునే. ఆ ఘనత చెప్పుకునే నేల మీద స్లైడు చదివే మనిషి లేక మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి ఉంచడం నాకు మింగుడుపడదు.

కరోనా మనకు మిగిల్చిన ఆస్తి కూడా ఉంది. గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రం బ్యాటరీతో నడుస్తుంది, చిన్న గది చాలు. క్షయ పరీక్షకు వాడుతున్న దాన్నే 2020లో కరోనాకు మళ్ళించాం. చిప్ మారిస్తే క్షయ ఉందో లేదో, అది మందుకు లొంగేదో కాదో పూట తిరక్కుండా చెబుతుంది. డెంగీకీ, మలేరియాకీ చిప్పులున్నాయి. మన జిల్లాలో ఆ యంత్రాలు ఏ ఆసుపత్రిలో ఉన్నాయి, నడుస్తున్నాయా, చిప్పులు ఎన్నాళ్ళకు సరిపోతాయి? ఇది జనానికి తెలియాలి. చిప్పు లేని యంత్రం బీరువాలో పెట్టుకున్న పెళ్ళి వెండి లాంటిది.

2020 డిసెంబరు మరిచిపోకండి. ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు, ఆరు వందల మందికి పైగా. నీళ్ళా, పాలా, కూరగాయలా అని ఎవరికి తోచింది వాళ్ళన్నారు. రక్తం ఢిల్లీ ఎయిమ్స్‌కు వెళ్ళాక గానీ సీసం, నికెల్ ఉన్న సంగతి బయటపడలేదు. సీసం కొలిచే యంత్రం ప్రతి మండలంలో పెట్టమని నేననను. అంతుపట్టని జబ్బు వచ్చిన మొదటి గంటలో ఏ ట్యూబులో ఎంత రక్తం తీయాలి, ఎలా భద్రపరచాలి, ఎక్కడికి పంపాలి అన్నది తెలిసిన మనిషి మాత్రం ప్రతి మండలంలో ఉండాలి.

ఆ మనిషి దగ్గరే అసలు కొరత. ఒక్క ల్యాబ్ టెక్నీషియన్ (ఎల్‌టీ) ఉన్న చోట ఆయన సెలవు పెడితే ల్యాబుకు తాళం. క్యాంపు డ్యూటీ వేసినా తాళమే. కరోనాలో కాంట్రాక్టు మీద తీసుకుని, పనైపోగానే ఇంటికి పంపేసిన పిల్లలున్నారు. పీపీఈ కిట్‌లో చెమటలు కక్కుతూ నేర్చుకున్న పని వాళ్ళది. ముందు వాళ్ళను పిలవండి. పీహెచ్‌సీకి ఇద్దరు ఎల్‌టీలు కావాలి.

డబ్బు లేదన్న మాటకు నేను ఒప్పుకోను. 2021 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టిన ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య మౌలిక వసతుల పథకం 730 జిల్లాల్లో సమీకృత ప్రజారోగ్య ల్యాబులు పెడతామంది. 15వ ఆర్థిక సంఘం 2021-26కు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి కేటాయించమన్నది 70,051 కోట్ల రూపాయలు, అందులో పరీక్షల వసతులకూ పద్దు పెట్టింది. జాతీయ ప్రమాణం ప్రకారం సబ్‌సెంటర్‌లో 14, పీహెచ్‌సీలో 63, సామాజిక ఆరోగ్య కేంద్రం (సీహెచ్‌సీ)లో 97 రకాల పరీక్షలు ఉచితంగా అందాలి. 2018లో మొదలైన తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఊరి ఆసుపత్రిలో తీసిన రక్తాన్ని హబ్ ల్యాబుకు చేర్చి, రిపోర్టు ఫోన్‌కు పంపే పద్ధతి పెట్టారు. దారి లేక కాదు.

కాబట్టి మనం అడగాల్సినవి ఇవి. నమూనాల బండి రోజూ ఒకే వేళకు రావాలి. ట్యూబు మీద తీసిన గంట, అందిన గంట, రిపోర్టు ఇచ్చిన గంట మూడూ రాయాలి. రిపోర్టు రోగి ఫోన్‌కూ, ఆ ఊరి ఏఎన్‌ఎంకూ ఒకేసారి వెళ్ళాలి, ఎందుకంటే ఫోన్ లేని ముసలమ్మలు ఇంకా ఉన్నారు. రీఏజెంట్లు అయిపోతే పై నుంచి వచ్చేదాకా చేతులు ముడుచుకోకుండా, అభివృద్ధి కమిటీ నిధితో మెడికల్ ఆఫీసరే అక్కడికక్కడ కొనే అధికారం ఇవ్వాలి. వేలూరు సీఎంసీ నడిపే నాణ్యతా పరీక్షలో అసలు విలువ చెప్పకుండా నమూనా పంపి, మన ల్యాబు సరిగా కొలిచిందో లేదో చూస్తారు. మన మండల ల్యాబులు కూడా అలాంటి పరీక్షకు నిలబడాలి. తప్పు కొలతతో ఇచ్చే రిపోర్టు, అసలు రిపోర్టు రాకపోవడం కంటే చేటు.

ఈ వారంలో మీలో ఎవరైనా పీహెచ్‌సీకి వెళితే మూడు సంగతులు కనుక్కోండి. 63 పరీక్షల్లో ఇవాళ ఎన్ని చేస్తున్నారు? ఎల్‌టీ సెలవులో ఉంటే ఎవరు చేస్తారు? పోయిన నెలలో జిల్లాకు పంపిన నమూనాల్లో ఎన్నింటికి రెండు రోజుల్లోపు జవాబు వచ్చింది? సిబ్బందితో గొడవ పడొద్దు, వాళ్ళూ విసిగిపోయే ఉన్నారు. చెప్పింది తేదీతో సహా ఒక కాగితం మీద రాసుకుని వచ్చే గ్రామసభకు పట్టుకురండి. తీర్మానం నేను రాసి పెడతాను. చదివి సంతకాలు చేద్దాం.