ముట్టింది... తర్వాతది పంపు!

రిజిస్టర్డ్ ఉత్తరానికి ఓ కార్డు జతచేసి పంపేవారు గుర్తుందా? ఉత్తరం అందుకున్నవారు సంతకం చేస్తే అది పంపినవారికి తిరిగొచ్చేది. ఇంటర్నెట్‌లోనూ అచ్చం అలాంటి ఏర్పాటే ఉంది. పేరూ అదే... అక్నాలెడ్జ్‌మెంట్. ముద్దుగా ‘ఆక్’.

ఫొటో అయినా పాట అయినా నెట్‌లో ఒక్క ముద్దగా వెళ్లదు. చిన్న చిన్న ప్యాకెట్లుగా విడిపోతుంది. అవన్నీ చేరాయో లేదో చూసుకునే బాధ్యత టీసీపీది. అది చేసే పనిని కళ్లారా చూడాలంటే వైర్‌షార్క్ ఉంది. జెరాల్డ్ కూంబ్స్ 1998లో ఈథీరియల్ పేరుతో విడుదల చేసిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌కి 2006లో ఆ పేరు వచ్చింది. కంప్యూటర్‌లోకి వచ్చీపోయే ప్యాకెట్లన్నిటినీ పట్టి వరసగా చూపిస్తుంది. (సొంత కంప్యూటర్ వరకే సుమా! పక్కింటివాళ్ల నెట్‌లోకి తొంగిచూడటం నేరం.)

ఆ వరసలో చాలామంది తికమకపడేది ఆక్ పక్కనుండే అంకె దగ్గరే. అది ప్యాకెట్ నంబరు కాదు, ‘ఇక ఈ బైటు నుంచి పంపు’ అని అడగడం. ఒక్కో ప్యాకెట్లో 1460 బైట్లు ఉన్నాయనుకుందాం. మొదటిది 1వ బైటుతో, రెండోది 1461తో మొదలవుతాయి. రెండూ అందితే అవతలి నుంచి వచ్చే ఆక్ 2921. రెండింటికీ కలిపి ఒకే రసీదు ఇచ్చినా చాలు!

ఇప్పుడు 2921తో మొదలయ్యే మూడో ప్యాకెట్ దారిలో పోయింది. వెనకే 4381, 5841, 7301 చేరాయి. అవతలి కంప్యూటర్ వాటిని దాచుకుంటుంది కానీ, ఒక్కోటి వచ్చినప్పుడల్లా ‘2921... 2921... 2921’ అని పాతపాటే పాడుతుంది. వైర్‌షార్క్‌లో ఈ వరసలు మామూలుగా నల్లటి పట్టీల్లో కనిపిస్తాయి. అలా మూడుసార్లు వినగానే పంపేవైపు విషయం అర్థమై, పోయినదాన్ని మాత్రం మళ్లీ పంపుతుంది. అది అందగానే ఆక్ ఒక్క గంతులో 8761కి చేరుతుంది. ఆ గంతు చూడటమే అసలు సరదా!

ఆక్ రాలేదని తొందరపడి పంపిందే మళ్లీ పంపితే? 1986 అక్టోబరులో అమెరికాలో జరిగింది అదే. లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌కీ బర్క్‌లీ విశ్వవిద్యాలయానికీ మధ్య దూరం 400 గజాలు. సెకనుకి 32 వేల బిట్లు వెళ్లాల్సిన చోట 40 బిట్లకు పడిపోయింది. ఇరుకు సందులో ఇంకా ఇంకా బళ్లు తోలినట్టన్నమాట. దాన్ని పరిశీలించిన వాన్ జాకబ్సన్ 1988లో పరిష్కారం ప్రకటించారు. ఆక్‌లు తిరిగొచ్చే జోరును బట్టే కొత్త ప్యాకెట్లు వదలాలి, ఏదైనా పోతే జోరు తగ్గించాలి. నేటి టీసీపీలకూ పునాది అదే.

అయితే ఆక్‌ని మరీ నమ్మేయకూడదు. బైట్లు అవతలి టీసీపీకి చేరాయనే దానర్థం. అక్కడి ప్రోగ్రామ్ వాటిని చదివిందని కాదు. రైలు టికెట్‌కి డబ్బు కట్టాక చూడాల్సింది పీఎన్ఆర్ నంబరునే!

ఇంట్లో ప్రయత్నించేవాళ్లు యూట్యూబ్ వీడియోతో మొదలుపెట్టకపోవడం మేలు. అది చాలాసార్లు టీసీపీని వదిలి ‘క్విక్’ అనే మరో దారిలో వస్తుంది. అందులోనూ ఆక్‌లుంటాయి కానీ తాళం వేసి ఉంటాయి, వైర్‌షార్క్‌కి మామూలుగా కనపడవు.