సరిహద్దు దాటే కారు పద్దు
తగరపువలస మీదుగా సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై ఇచ్ఛాపురం, భువనేశ్వర్ దాటి కోల్‌కతా చేరి, అక్కడి నుంచి సిలిగురి వైపు మళ్లితే, భూటాన్ ముఖద్వారమైన ఫుంట్‌షోలింగ్ వరకు కారులోనే వెళ్లవచ్చు కాబట్టి, సొంత వాహనంలో విదేశయానం ఉత్తరాంధ్ర మధ్యతరగతికి అందని కోరికేమీ కాదు. అయితే ఆ ఖర్చును పెట్రోలు, టోలు, గది అద్దెలతోనే లెక్కగట్టడం పెద్ద పొరపాటు. సుస్థిర అభివృద్ధి రుసుము, అంటే పర్యావరణ రక్షణకు, ప్రజాసేవలకు భూటాన్ ప్రభుత్వం సందర్శకుల నుంచి వసూలు చేసే మొత్తం, భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు, 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు అందులో సగం కాగా, దంపతులు పదేళ్ల బిడ్డతో అయిదు రాత్రులు గడిపితే ఈ ఒక్క పద్దే 15,000 రూపాయలవుతుంది. నేపాల్ వెళ్లేవారికైతే భన్సార్, అనగా పరాయి వాహనాన్ని తాత్కాలికంగా లోనికి అనుమతిస్తూ అక్కడి కస్టమ్స్ శాఖ రోజుల లెక్కన తీసుకునే సుంకం, తప్పదు. వీటన్నిటికంటే ఆందోళన కలిగించేది బీమా పట్ల ఉపేక్ష: మామూలు మోటారు పాలసీ రక్షణ దేశ సరిహద్దుతోనే ఆగిపోతుంది గనుక, కొద్దిపాటి అదనపు ప్రీమియంతో దాన్ని పొరుగుదేశాలకూ వర్తింపజేసే భౌగోళిక విస్తరణ అనే అనుబంధాన్ని బయలుదేరక ముందే రాయించుకోవాలి, లేకుంటే హిమాలయపు ఘాట్‌రోడ్డు మలుపులో ఎదుటి బండికి తగిలిన దెబ్బకు పరిహారం ఆ కుటుంబం చేతి సొమ్ములోంచే కట్టవలసి వస్తుంది.