ఒకటే మారిస్తే రెండూ పోతాయి

ఇన్వర్టర్లోనో, లారీలోనో ఉన్న రెండు బ్యాటరీల్లో ఒకటి పోతే చుట్టుపక్కల అందరూ ఇచ్చే సలహా ఒక్కటే: "పోయినదాన్ని మార్చు, రెండోది మంచిగనే ఉన్నది గదా." కరీంనగర్ జిరాక్సు షాపుల్లో, ఆదిలాబాద్ ఇళ్లలో, గ్రానైటు మోసే లారీల దగ్గర ఇదే మాట. పైకి పొదుపులా కనిపించే ఈ సలహా చివరికి దుబారాకే దారి తీస్తుంది.

ముందు ఆ 'మంచిగనే ఉంది' సంగతి చూద్దాం. రెండూ ఒకే రోజు కొన్నవి, ఒకే మూలన కూర్చున్నవి, ఒకే లోడు మోసినవి. రామగుండం, ఆదిలాబాద్‌లలో మే నెల ఎండ 45 డిగ్రీలకు చేరినప్పుడు రెండూ కలిసే ఉడికాయి. వేడి పది డిగ్రీలు పెరిగితే లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. కాబట్టి కొన్నేళ్లు వాడాక ఒకటి పోయిందంటే రెండోదానికీ కాలం దగ్గర పడినట్టే.

ఇక ముసలెద్దు పక్కన కోడెను కడితే కాడి ఎలా నడుస్తుందో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పాతదాని పక్కన కొత్త బ్యాటరీ పెట్టడమూ అంతే. సిరీస్‌లో కలిపిన రెండు బ్యాటరీలలో ఛార్జరు చూసేది మొత్తం వోల్టేజీనే. 28.8 వోల్టులు ఇస్తే చెరి 14.4 పంచుకోవాలి. పాతదాంట్లో ఒక సెల్ షార్టయితే మిగిలిన పదకొండు సెల్సే ఆ మొత్తాన్ని పంచుకుంటాయి. అప్పుడు కొత్తదాని మీద 15.7 దాకా పడుతుంది. అది మరుగుతుంది, నీళ్లు తాగేస్తుంది. సెల్ షార్టు కాకుండా పాతదాని ప్లేట్లకు సల్ఫేటు గట్టిపడితే కథ తిరగబడుతుంది. దాని వోల్టేజీ త్వరగా పైకెక్కుతుంది. ఛార్జరు 'ఫుల్' అనుకుని కరెంటు తగ్గిస్తుంది. కొత్తది రోజూ అరకడుపుతోనే ఉంటుంది.

కరెంటు పోయినప్పుడూ అంతే. ఇన్వర్టరు మొత్తం 21 వోల్టుల దగ్గర ఆగేది అయితే, కొత్తది 12, పాతది 9 ఉన్నా దానికి తేడా తెలియదు. ఆ 9 దగ్గర పాతదాని బలహీనమైన సెల్ పూర్తిగా ఖాళీ అయి ఉల్టా ఛార్జయ్యే ప్రమాదం ఉంది.

"రెండు కొనడానికి పైసలెక్కడివి?" అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి దారులున్నాయి. జత కొని ఏడాది కూడా కాకుండా ఒకటి చెడితే వారంటీలో అదే కంపెనీ, అదే కెపాసిటీది తీసుకుని జత చేయవచ్చు. పాతబడిన జతలో ఒకటి ఇంకా పనిచేస్తుంటే దాన్ని చిన్న 12 వోల్టుల ఇన్వర్టర్‌కు విడిగా పెట్టుకోవచ్చు. పూర్తిగా పోయినదాన్ని దుకాణానికి తిరిగి ఇస్తే సీసం విలువ ధరలో తగ్గుతుంది.

అసలు ఒకటి ముందు పోవడానికి చాలాసార్లు కారణం మన నిర్లక్ష్యమే. ఒకదానికి నీళ్లు పోసి రెండోదాన్ని మరచిపోతాం. డిస్టిల్డ్ వాటర్ లేదని లవణాలు మిగిలే ఆర్వో నీళ్లు పోస్తాం. లారీలో అయితే టేపుకు, రంగు లైట్లకు 24 వోల్టుల జతలో ఒక బ్యాటరీ నుంచే తీగ లాగుతాం. ఆ ఒక్కటి రోజూ ఎక్కువ దిగుతుంది. ఆదిలాబాద్ చలికాలపు తెల్లవారుజామున బండి స్టార్టు కాకపోతే చలిని తిడతాం. ఆ టేపుకు, లైట్లకు 24 వోల్టులను 12కు దించే కన్వర్టరు పెట్టడం అంత కష్టమేమీ కాదు.

ఒకటి పోయిందని తేలిన రోజు రెండోదాన్ని విడిగా పూర్తిగా ఛార్జి చేయించి, కొన్ని గంటలు ఆగి, ఆరు సెల్స్‌లోని యాసిడ్ గ్రావిటీ (సాంద్రత) చూపించండి. ట్యూబులర్ బ్యాటరీలో అది 1240 దగ్గర ఉండాలి. సెల్‌కూ సెల్‌కూ 30 పాయింట్ల తేడా ఉంటే ఆ బ్యాటరీ జతకు పనికిరాదు. గ్రావిటీ సరిపోయినా లోడు మీద కూడా పరీక్షించాలి. ఈ లెక్కలేవీ చూపించకుండా "అది మంచిగనే ఉన్నది" అనే మెకానిక్ మాట మీద మాత్రం ఒంటరి బ్యాటరీ కొనకండి.