తక్దీర్, తౌఫీఖ్, ఒక రక్త పరీక్ష

జలంత్రకోట కూడలిలో, హైవే పక్కన టీ బడ్డీ దగ్గర కూర్చుని మా హమ్‌జుల్ఫ్‌తో గంటన్నర బహస్ చేశాను. ఆయనకి 52 ఏళ్ళు. జీడిపప్పు కమీషన్ వ్యాపారం. పలాస, కంచిలి మధ్య రోజూ తిరుగుడే. రెండేళ్ళ కిందట ఆయన పెద్దన్న కిడ్నీ జబ్బుతోనే ఇంతెఖాల్ అయ్యారు. ఇప్పుడు ఈయన కాళ్ళు వాస్తున్నాయి. ఒక్కసారి రక్త పరీక్ష చేయించుకోండని ఆపా ఆరు నెలలుగా బతిమాలుతోంది. ఆయన జవాబు ఒక్కటే.

"రాసిపెట్టి ఉంటే ఎక్కడికి పోతాది భాయ్? తక్దీర్‌ని సూదితో గుచ్చి సూస్తారా ఏటి?"

ఉద్దానంలో ఈ మాట ఇంటింటా వినిపిస్తుంది. హిందువులు నుదుటి రాత అంటారు, క్రైస్తవులు దేవుని చిత్తం అంటారు, మనం తక్దీర్ అంటాం. జబ్బుకి అసలు కారణం ఏమిటో ఇంతవరకు కచ్చితంగా తేలలేదు. నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండలో చెమటోడ్చే పనంటారు, నొప్పి మాత్రలంటారు. కారణం తెలియని చోట తక్దీర్ చాలా తేలికగా వచ్చి కూర్చుంటుంది.

మా మాటలు వింటున్న ఒక పెద్దాయన, రిటైరైన మాస్టారు, నవ్వి కలగజేసుకున్నారు. "మాలోనూ ఇదే గొడవ సాయిబుగారూ. నాలుగు వందల ఏళ్ళ గొడవ." ఆయన బాప్టిస్టు. ఈ తీరంలో టెక్కలి, సోంపేట వైపంతా కెనడా బాప్టిస్టు మిషన్ పనిచేసిన ప్రాంతమే. మాది మెదక్ అని చెప్పగానే, "అయితే మీ ఊరి చర్చి కట్టినవాళ్ళు మెథడిస్టులు. వాళ్ళది ఆర్మీనియస్ దారి. మనిషికి ఇఖ్తియార్ ఉందనే దారి," అన్నారు. ఇఖ్తియార్ అన్న మాట ఆయన నోట విని నేను ఆగిపోయాను.

మా ఉర్దూ మీడియం స్కూలు మైదానం నుంచి ఆ గిర్జాఘర్ గోపురం కనిపించేది. కరువు రోజుల్లో జనానికి పనీ అన్నమూ దొరకాలని పాస్నెట్ దొర కట్టించాడని మా దాదా చెప్పేవారు. 1924 క్రిస్మస్ రోజున దాన్ని తెరిచారు. కట్టింది వెస్లియన్ మెథడిస్టులు. 1947లో వాళ్ళు దక్షిణ ఇండియా సంఘంలో కలిసిపోయారు. క్రిస్మస్ జాతరలో పల్లీలు కొనుక్కుని తిన్నానే గానీ, లోపల ఉన్నవాళ్ళు తక్దీర్ గురించి ఏం నమ్ముతారో ఒక్కనాడూ అడగలేదు. నలభై దాటాక, జలంత్రకోటలో, ఇంకొకరు చెప్తే తెలిసింది. జర్నలిస్టునని చెప్పుకోవడానికి కొంచెం సిగ్గేసింది.

ఆ తర్వాత చదివాను. యాకోబస్ ఆర్మీనియస్ హాలండు ఆలిమ్. 1603 నుంచి లైడెన్‌లో ప్రొఫెసర్, 1609లో చనిపోయాడు. ఎవరు స్వర్గానికి, ఎవరు నరకానికి అన్నది దేవుడు ముందే తన ఇష్టప్రకారం తేల్చేశాడని, అందులో మనిషి చేసేదేమీ లేదని కాల్విన్ మతస్థులు గట్టిగా చెప్పే కాలం అది. ఆర్మీనియస్ దాన్ని ఒప్పుకోలేదు. దేవుని రహ్మత్ లేకుండా మనిషి ఒక్క అడుగూ వేయలేడు, నిజమే. కానీ ఆ రహ్మత్‌ని కాదని తోసేసే శక్తి మనిషికి ఉంది అన్నాడు. ఆయన పోయిన మరుసటి ఏడాది శిష్యులు ఇదే సంగతి అయిదు అంశాలుగా రాసి ప్రభుత్వానికి ఇచ్చారు. 1618లో డార్ట్ పట్టణంలో పెద్ద మజ్లిస్ కూర్చుని వాళ్ళది తప్పని తేల్చింది. పాదిరీల కొలువులు ఊడిపోయాయి. వాళ్ళ పక్షాన నిలిచిన ఓల్డెన్‌బార్నెవెల్ట్ అనే 71 ఏళ్ళ నాయకుడి తల 1619లో నరికేశారు. అందులో సియాసత్ పాలు కూడా తక్కువేం కాదు.

ఇంగ్లండులో జాన్ వెస్లీ ఆ మాటని మళ్ళీ ఎత్తుకున్నాడు. ప్రాణస్నేహితుడు విట్‌ఫీల్డ్‌తో ఈ విషయం మీదే తగువు పడ్డాడు. 1778లో పెట్టిన పత్రికకి ఆర్మీనియన్ అనే పేరు పెట్టాడు. నన్ను ఎక్కువ లాగింది మాత్రం ఇంకో సంగతి. ఇంత రహ్మత్ గురించి ఉపన్యాసాలిచ్చిన మనిషి 1746లో లండన్‌లో పేదలకి మందుల దుకాణం తెరిచాడు. మరుసటి ఏడాది చౌకలో దొరికే వైద్య పుస్తకం రాశాడు. అందులో చిట్కాలు కొన్ని ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది. అయినా పల్లెల్లో డాక్టరు ఫీజు కట్టలేనివాళ్ళ కోసం రాసిన పుస్తకం అది. అంతా ముందే రాసి ఉందనుకునే మనిషికి ఆ పుస్తకం రాయాల్సిన తొందర ఉండదని నాకు అనిపిస్తుంది. విట్‌ఫీల్డ్ వైపువాళ్ళు ఈ మాటకి ఒప్పుకోరు. వాళ్ళూ అనాథాశ్రమాలు కట్టారు మరి.

వెస్లీ చెప్పిన సంగతి మనకి మరీ పరాయిది కాదు. మనిషి అడగకముందే దేవుడు ఇచ్చే ఒక కృప ఉందని, దానివల్లే మనిషి అవునో కాదో అనగలుగుతున్నాడని ఆయన అంటాడు. మన పెద్దలు దువాలో అడిగే తౌఫీఖ్‌కి ఇది దగ్గరగానే ఉంది. తేడా పెద్దదే. ఆదం పాపం వల్ల మనిషి ఇరాదా చెడిపోయింది, ఆ కృప దాన్ని బాగుచేస్తుందని వాళ్ళ అఖీదా. పుట్టే ప్రతి బిడ్డా ఫిత్రత్ మీదే పుడతాడని మనది. ఈ తేడాని చెరిపేసి అంతా ఒకటే అనడం నాకు నచ్చదు.

ఈ బహస్ మన దగ్గర అంతకు వెయ్యేళ్ళ ముందే జరిగింది. మనిషికి ఏ ఇఖ్తియారూ లేదన్నవాళ్ళు జబరియా. అంతా మనిషి చేతిలోనే ఉందన్నవాళ్ళు ఖదరియా. ఉమయ్యద్ హుకూమత్‌లో ఇఖ్తియార్ గురించి మాట్లాడిన గైలాన్ దిమిష్కీకి మరణశిక్ష పడింది. మా జుల్మ్ కూడా అల్లాహ్ రాసిందే అని చెప్పుకోవడం హాకిములకి ఎప్పుడూ అనుకూలమే. అలాగని ఇఖ్తియార్ పక్షం వాళ్ళంతా మంచివాళ్ళనుకోకండి. హుకూమత్ చేతికి వచ్చాక ముతజిలాలు ఇమామ్ అహ్మద్ బిన్ హంబల్‌ని జైల్లో పెట్టించారు, కొరడాలతో కొట్టించారు. చివరికి అహ్లె సున్నత్ ఉలమా మధ్య దారి పట్టారు. మన హనఫీలలో ఎక్కువమంది నడిచే మాతురీదీ మార్గం ప్రకారం పనిని సృష్టించేది అల్లాహ్, ఎంచుకునేది మనిషి. ఎంచుకున్నందుకే హిసాబ్.

హజ్రత్ ఉమర్ షామ్‌కి వెళ్తూ ముందర తావూన్ ఉందని విని వెనక్కి తిరిగారు. అల్లాహ్ తక్దీర్ నుంచి పారిపోతున్నారా అని అబూ ఉబైదా అడిగారు. ఒక తక్దీర్ నుంచి ఇంకో తక్దీర్‌కే పోతున్నామని ఉమర్ జవాబు. పచ్చిక ఉన్న గట్టు, ఎండిన గట్టు రెండూ ఉన్న లోయలో ఒంటెల్ని ఎటు తోలినా అది అల్లాహ్ తక్దీరే కదా అన్నారు. మన మస్జిదుల్లో కరోనా రోజుల్లో ఈ వాఖియా ఎన్నిసార్లు విన్నామో. విని ఇంటికొచ్చి షుగర్ మాత్ర మానేసినవాళ్ళు నాకు తెలుసు.

తక్దీర్ అన్నమాట మనుషుల్నే కాదు, ప్రభుత్వాల్నీ కాపాడుతుంది. ఉద్దానంలో ఈ జబ్బు సంగతి 1990ల నుంచీ తెలుసు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరుచుకున్నది 2023 డిసెంబరులో. హిరమండలం రిజర్వాయర్ నుంచి పైపుల్లో వంశధార నీళ్ళు వచ్చిందీ అప్పుడే. మధ్యలో పోయిన ప్రాణాలన్నీ రాసిపెట్టి ఉన్నవేనని మనమే అనేస్తే, ఇన్నేళ్ళు ఎందుకు పట్టిందని అడిగేవాడు ఉండడు. సబర్ మయ్యత్ ముందు చేయాల్సింది. పైపులైను ముందు కాదు.

ఇదంతా మా హమ్‌జుల్ఫ్‌కి చెప్పాను. ఆర్మీనియస్ ఆయనకి ఎక్కలేదు, మాతురీదీ కూడా ఎక్కలేదు. ఒంటెల ముచ్చట మాత్రం రెండోసారి అడిగి చెప్పించుకున్నారు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా అన్న కూడా ఆకర్ని రెండు నెల్లు మందులు మానేసినాడు భాయ్. నాను అడగనేదు," అన్నారు. ఇన్నాళ్ళూ ఆయన తక్దీర్ అంటున్నది దేని గురించో అప్పుడు అర్థమైంది. దానికి నా దగ్గర జవాబు లేదు, ఉన్నా చెప్పేవాణ్ణి కాదు.

మర్నాడు ఫజర్ చదివి ఇద్దరం పలాస బస్సు ఎక్కాం. ఖాళీ కడుపుతో రావాలని ఎవరో చెప్పారట, ఆయన టీ కూడా తాగలేదు. రిపోర్టు సోమవారం ఇస్తామన్నారు.