ఈ నెల మాట: గిట్టుబాటు

ఆంధ్ర, తెలంగాణ రైతుల నోట తరచూ వినిపించే మాట "గిట్టుబాటు ధర". గిట్టడం అంటే పెట్టిన ఖర్చు తిరిగి వచ్చి, చేతిలో కాస్త మిగలడం. "ఈ ఏడు మిరప గిట్టలేదు" అంటే పెట్టుబడి కూడా రాలేదని. మనుషుల విషయంలోనూ వాడతారు. "అతనంటే ఆమెకు గిట్టదు" అంటే ఇష్టం లేదని. దాని సంగతి వచ్చే నెల.

మనవాళ్ల విందుల్లో ఈ మధ్య ఒక వాదన వింటున్నాను. "ఒక బిట్‌కాయిన్ తయారీకి ఇన్ని వేల డాలర్ల కరెంటు కావాలి. కాబట్టి ధర అంతకంటే దిగదు" అంటారు. అది నమ్మి సూపర్ డబ్బు అందులో పెట్టాలని చూస్తున్నవాళ్లూ ఉన్నారు. నా లెక్కలో ఈ వాదన నిలవదు.

మన చెరకునే చూడండి. 1903 నుంచి మద్రాసు మీదుగా ఫిజీకి వెళ్లిన మన పెద్దల్లో చాలామంది సిడ్నీ కంపెనీ సి.ఎస్.ఆర్. కోసం చెరకు నరికారు. గిర్మిట్ తీరాక చెరకు రైతులయ్యారు. రైతు తన ఖర్చు ఎంత చెప్పినా, ధర ఆ ఖర్చును బట్టి రాలేదు. 1970లో లార్డ్ డెన్నింగ్ తీర్పు చెప్పాడు: రాబడిలో రైతులకు 65 శాతం, మిల్లుకు 35 శాతం. తనకు గిట్టదంది కంపెనీ. 1973లో ఫిజీ వదిలి వెళ్లింది.

చెరకులో ఒక ఊరట ఉంది. రైతులు మానేస్తే పంట తగ్గుతుంది. సరుకు తగ్గితే, ఆలస్యంగానైనా, ధర లేవవచ్చు. బిట్‌కాయిన్‌లో అదీ లేదు.

ఇక్కడ మైనింగ్ అంటే తవ్వడం కాదు. యంత్రాలు ఒక లెక్కకు జవాబు కోసం పోటీ పడతాయి. సుమారు 10 నిమిషాలకు ఒకరు గెలుస్తారు. గెలిచినవారికి కొత్త నాణేలు దక్కుతాయి: 2024 ఏప్రిల్ దాకా 6.25, ఆ తర్వాత 3.125. యంత్రాలు తగ్గితే, సుమారు రెండు వారాలకొకసారి, లెక్క దానంతట అదే సులువవుతుంది. 2021లో చైనా మైనింగ్‌ను అణిచేసింది. జూలైలో లెక్క కష్టం ఒక్కసారిగా సుమారు 28 శాతం తగ్గింది. మిగిలినవాళ్లకు ఖర్చు తగ్గింది, నాణేలు మాత్రం మళ్లీ పాత వేగంతోనే వచ్చాయి. అలాగే ధర పెరిగితే యంత్రాలు పెరుగుతాయి, లెక్క కఠినమవుతుంది, ఖర్చూ పెరుగుతుంది. ధర ముందు నడుస్తుంటే ఖర్చు దాని వెనక నడుస్తోంది.

ఇప్పుడు మన కరెంటు బిల్లు. యాంట్‌మైనర్ ఎస్19 ప్రో అనే యంత్రం సుమారు 3.25 కిలోవాట్లు లాగుతుంది, అంటే రోజుకు 78 యూనిట్లు. సిడ్నీ ఇంట్లో యూనిట్ 30 సెంట్లు అనుకుంటే, రోజుకు 23 డాలర్ల పైచిలుకు. 2022 నవంబరులో అది తెచ్చే రాబడి అందులో సగం కూడా లేదు!

సిడ్నీ కంపెనీ ఐరిస్ ఎనర్జీ తన యంత్రాలను కెనడాలో, జలవిద్యుత్తు దొరికే బ్రిటిష్ కొలంబియాలో పెట్టింది. అక్కడా తప్పలేదు. 2021 నవంబరులో 69,000 అమెరికన్ డాలర్లకు చేరిన బిట్‌కాయిన్, ఏడాది తిరిగేసరికి 16,000 దగ్గరికి పడింది. అప్పు మీద కొన్న యంత్రాలు నెలకు 20 లక్షల డాలర్లు మిగిల్చితే, కట్టాల్సిన వాయిదాలు 70 లక్షలని కంపెనీయే ప్రకటించింది. చివరికి ఆ యంత్రాలను ఆపేసింది. వాటి మీద పెట్టిన ఖర్చు ధరను ఆపలేకపోయింది.

ఖర్చుకు అసలు ప్రభావమే లేదని అనను. బిల్లు కట్టాలంటే మైనర్లు దాచుకున్న నాణేలు అమ్మాలి. అలా అమ్మితే ధర ఇంకా కిందికే పోతుంది. ఆ ప్రభావం కూడా చిన్నదే, ఎందుకంటే ఇప్పుడు రోజుకు వచ్చే కొత్త నాణేలు సుమారు 450 మాత్రమే.

ఈ నెల అభ్యాసం: ఇంట్లో అమ్మమ్మనో తాతయ్యనో తెలుగులో అడగండి. "చెరకు ఏ ఏడు గిట్టింది? ఏ ఏడు గిట్టలేదు?" జవాబు నాలుగు వాక్యాల్లో రాసి పంపండి.