బడిలో చేరకముందే కంటి పరీక్ష: బెంగళూరు తెలుగువారి సర్వసభ్య సభ తీర్మానం

విషయం: మూడేళ్లు నిండి ఆరేళ్లు దాటని పిల్లల చూపు, ముఖ్యంగా కట్టుబడి పని, ఇంటిపని, డ్రైవింగు, కాపలా పనులతో బతికే కుటుంబాల పిల్లల చూపు.

పీఠిక

మన సంఘంలో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ అపార్టుమెంట్లలో ఉండేవాళ్లు సభ్యులు. ఆ అపార్టుమెంట్లు కట్టడానికి అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్లూ సభ్యులే. ఫ్లాట్‌లో పెరిగే బిడ్డ మూడో ఏట ఏ టీకాకో డాక్టరు దగ్గరికి వెళ్తే, ఒకసారి కళ్లు కూడా చూపించండని ఎవరో ఒకరు అంటారు. షెడ్డులో పెరిగే బిడ్డకు ఆ మాట చెప్పేవాళ్లు లేరు. ఒకటో తరగతిలో బోర్డు మీది అక్షరాలు కనబడక పక్కవాడి పుస్తకంలోకి తొంగి చూస్తుంటే మొద్దు అనే పేరు మాత్రం వస్తుంది. సైటు ఎవరికైనా రావచ్చు. ఇళ్లలోనే ఎక్కువసేపు గడిపే పట్నం పిల్లలకు దూరపు చూపు మసకబారడం ఇంకా ఎక్కువ. మనకు కొట్టొచ్చినట్టు కనిపించే తేడా ఒక్కటే: ఒకరి లోపం వేళకు బయటపడుతుంది, ఇంకొకరిది వేళ మించాక బయటపడుతుంది.

వేళ అని ఎందుకంటున్నామో ఈ సభ వివరంగా రాసుకోదలిచింది. ఒక కంట్లో సైటు ఎక్కువగా ఉన్నా, మెల్ల ఉన్నా, పుట్టుకతో శుక్లం ఉన్నా, మెదడు బాగున్న కంటి బొమ్మనే తీసుకుని రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది. అలా వాడకం తప్పిన కంటికి చూపు ఎదగదు. దీన్నే డాక్టర్లు లేజీ ఐ అంటున్నారు. మెల్ల అయితే తల్లి కంటపడుతుంది. మెల్ల లేకుండా ఒక కన్ను మసకగా ఉంటే తల్లికీ తెలియదు, బిడ్డకూ తెలియదు. లోకం అందరికీ అలాగే కనిపిస్తుందనుకుంటాడు. పరిగెత్తుతాడు, బంతి పట్టుకుంటాడు, ఫోనులో బొమ్మలు చూస్తాడు. బాగున్న కన్ను మూస్తే తప్ప సంగతి బయటపడదు. తొందరగా కనిపెడితే వైద్యం చవక: అద్దాలు, ఆ తర్వాత బాగున్న కంటికి రోజుకు కొన్ని గంటలు ప్యాచ్. ఏడెనిమిదేళ్లు దాటాక అదే ప్యాచ్‌తో వచ్చే ఫలితం బాగా తగ్గిపోతుంది. అందుకే బడిలో చేసే పరీక్ష, మంచిదే అయినా, ఈ జబ్బు విషయంలో ఆలస్యం.

2019 అక్టోబరు 10న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉచిత కంటి పరీక్షల పథకం కంటి వెలుగును మన అనంతపురంలోనే మొదలుపెట్టింది, అదీ బడి పిల్లలతో. అప్పటికే అమ్మానాన్నలతో బెంగళూరు వచ్చేసిన మూడేళ్ల బిడ్డ ఆ లెక్కలో లేడు. ఇక్కడి లెక్కలోనూ లేడు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికి రెండుసార్లు అంగనవాడికి రావాలి, కంటి లోపాలూ చూడాలి. కానీ కట్టుబడి పని అయిపోగానే సామాను కట్టుకుని ఇంకో చోటికి పోయే కుటుంబం బిడ్డ ఏ అంగనవాడి రిజిస్టరులో ఉంటుంది? బృందం వచ్చిన రోజుకు ఆ షెడ్డే ఉండదు.

ఇది మన ఒక్కరి గోడు కాదు. కంటి వైద్యం ఉచితంగా దొరికే బ్రిటన్‌లో కూడా, బ్రిస్టల్ చుట్టుపక్కల 1990ల తొలి ఏళ్లలో పుట్టిన పిల్లలను పరిశీలిస్తే, కింది తరగతి కుటుంబాల పిల్లలు ఏడేళ్లలోపు కంటి నిపుణుల దగ్గరికి వెళ్లడం తక్కువేనని తేలింది. స్వీడన్ దారి వేరు. అక్కడ నాలుగేళ్ల పిల్లలందరికీ పిల్లల ఆరోగ్య కేంద్రంలోనే చూపు పరీక్ష చేస్తారు, పిలిచి మరీ చేస్తారు. తీవ్రమైన లేజీ ఐ నూటికి ఇద్దరి నుంచి వెయ్యికి ఇద్దరికి దిగింది. ఉచితం అని బోర్డు పెట్టడం వేరు, బిడ్డ ఉన్నచోటికి పోవడం వేరు.

మరో సంగతి దాచకుండా ఒప్పుకోవాలి. మెల్లకన్ను అదృష్టమనీ, ఆడపిల్లకు అద్దాలు పెడితే రేపు సంబంధాలు రావనీ అనేవాళ్లు షెడ్లలోనే లేరు. ఈ సభలో ముందు వరుసలో కూర్చున్న ఇళ్లలోనూ ఉన్నారు.

పై కారణాల వల్ల ఈ సభ కింది విధంగా తీర్మానిస్తున్నది.

1. పరీక్ష ఆదివారం జరగాలి, షెడ్ల దగ్గరే జరగాలి. వారం బట్వాడా చేతికొచ్చి, సంతకు వెళ్లి వచ్చాక తల్లీ బిడ్డా ఇద్దరూ దొరికేది ఆ పూటే. గుంపు మేస్త్రీకి ముందే కబురు చెప్పాలి. అతను కాదంటే అక్కడ పని సాగదు.

2. అక్షరాల చార్టు వాడరాదు. ఫిన్లాండ్ వైద్యురాలు లేయా హువారినెన్ రూపొందించిన బొమ్మల చార్టు వాడాలి: ఆపిల్, ఇల్లు, గుండ్రం, చదరం. దూరం మూడు మీటర్లు, టేపుతో కొలిచి. బిడ్డ ఆపిల్‌ను గుండెకాయ అన్నా, గుండ్రాన్ని బంతి అన్నా, రొట్టె అన్నా తప్పు లేదు; ప్రతిసారీ అదే పేరు చెబితే చాలు. నోరు విప్పని బిడ్డ చేతికి కార్డు ఇస్తే వేలు పెట్టి చూపిస్తుంది. తెలుగు, కన్నడ, ఇంట్లో మాట్లాడే లంబాడీ, ఏ భాష అయినా అడ్డు రాదు. రెండు కళ్లకూ విడివిడిగా చూడాలి. చేత్తో మూయమంటే వేళ్ల సందుల్లోంచి చూస్తారు కాబట్టి అంటించే ప్యాచ్ వాడాలి. పరీక్ష చేసే వలంటీర్లకు కంటి డాక్టరో ఆప్టోమెట్రిస్టో శిక్షణ ఇచ్చి ఉండాలి.

3. చీటీ రాసి చేతిలో పెట్టి పంపడాన్ని పరీక్షగా లెక్కించరాదు. ఈ సభలో ఒక సభ్యురాలు చెప్పిన మాట మినిట్స్‌లో అలాగే రాయించాం: "చీటీ ఇచ్చినారు సార్. కన్నడలో ఉండాది. దాన్ని దేవుని పటం వెనక పెట్టినా." ఆ చీటీ అక్కడే ఏడాదిన్నర ఉంది. ఆసుపత్రికి పోతే తల్లికి ఒక రోజు కూలి పోతుంది, తోడుగా వస్తే తండ్రిది కూడా. కాబట్టి లోపం తేలిన ప్రతి బిడ్డ వెంట ఒక సభ్యుడు వెళ్లాలి, బస్సు ఖర్చూ ఒకరి రోజు కూలీ సంఘమే ఇవ్వాలి. 1896 నుంచి ఈ ఊళ్లో ఉన్న ప్రభుత్వ కంటి ఆసుపత్రి మింటో, సిటీ మార్కెట్ నుంచి నడిచిపోయే దూరం. ముందు అక్కడికే వెళ్లాలి. అద్దాలు రెండు జతలు, తలచుట్టూ కట్టే తాడుతో ఇవ్వాలి. ఇసుక కుప్పల మీద ఆడే బిడ్డకు ఒక జత నెల కూడా ఆగదు.

4. కనుపాప తెల్లగా మెరిసినా, ఫొటోలో ఒక కన్ను తెల్లగా పడినా ఆదివారం కోసం ఆగరాదు, మర్నాడే ఆసుపత్రికి. లోపల శుక్లమో కణితో ఉండవచ్చు. నెలలు నిండక పుట్టిన బిడ్డలనూ, మేనరికం ఇళ్లలో కంటి జబ్బు ఉన్నవాళ్ల పిల్లలనూ విడిగా రాసుకోవాలి.

5. ప్రభుత్వానికి విన్నపం. బాల స్వాస్థ్య బృందాలు అంగనవాడి రిజిస్టరులో పేరు లేని షెడ్ల పిల్లలనూ చూడాలి. ఆ పథకం దేశమంతటిది కాబట్టి ఇక్కడ చూసిన బిడ్డ వివరాలు అనంతపురంలో పనికిరావాలి, అక్కడివి ఇక్కడ పనికిరావాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 35వ సెక్షన్, యాభైమందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట ఆరేళ్లలోపు పిల్లలకు గది ఉండాలని చెప్పింది. ఒక్కో మేస్త్రీ కింది ఆడవాళ్లను విడివిడిగా లెక్కేస్తే ఆ యాభై ఏనాటికీ తేలదు. పని జరిగే చోటు మొత్తాన్ని ఒకటిగా లెక్కించాలి. ఆ గదిలోనే కంటి పరీక్ష పెట్టాలి. నిర్మాణ వ్యయంపై వసూలు చేసే సెస్సు నుంచి అద్దాల ఖర్చు ఇవ్వాలి. 2025లో నగరం అయిదు పాలికలుగా, అంటే కార్పొరేషన్లుగా, విడిపోయింది. ఏ షెడ్డు ఏ పాలిక కిందికి వస్తుందో తేలేదాకా బిడ్డలను ఆపవద్దని కోరుతున్నాం.

6. అపార్టుమెంట్లలో ఉండే సభ్యులు తమ ఇంట్లో పనిచేసే వాళ్ల పిల్లల వయసు అడిగి పేరు రాయించాలి. పనిమనిషి పిల్లలెందరో తెలియని ఇళ్లు మనలో చాలా ఉన్నాయి.

7. అద్దాలు పెట్టేటప్పుడు ఫొటోలు తీయరాదు, బ్యానర్లు కట్టరాదు. దీనికి ఇద్దరు సభ్యులు అడ్డుచెప్పారు: ఫొటో లేకపోతే దాతలు రెండోసారి ఇవ్వరని. వారి అభ్యంతరాన్ని నమోదు చేసి, అధిక సంఖ్యాకుల సమ్మతితో ఈ అంశాన్ని ఆమోదించాం. మిగతావన్నీ ఏకగ్రీవం.

8. లెక్క మూడు వరుసల్లో ఉండాలి: ఎంతమందిని చూశాం, ఎంతమంది డాక్టరు దాకా వెళ్లారు, మూడు నెలల తర్వాత ఎంతమంది ముక్కు మీద అద్దాలు ఉన్నాయి. మూడో వరుస ఖాళీగా ఉంటే మొదటి రెండింటిని వార్షిక సభలో చదవరాదు.

ఈ తీర్మానం ప్రతులను కర్ణాటక ఆరోగ్య శాఖకు, మహిళా శిశు అభివృద్ధి శాఖకు, కార్మిక శాఖకు, గ్రేటర్ బెంగళూరు అథారిటీకి కన్నడంలో పంపాలి. షెడ్ల దగ్గర మాత్రం కాగితం పంచకుండా, వచ్చే ఆదివారం సంత వేళ తెలుగులో చదివి వినిపించాలి.